ఊరికే వెళ్ళొస్తే తప్పేమిటి?

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటడానికి ఒక జాబితా ఉంది. పెళ్ళి, పేరంటం, పురుడు, పరామర్శ, ఆస్పత్రి, గుడి, ఉద్యోగం. ఈ ఏడింటిలో ఏదో ఒకటి చెప్పామనుకోండి, ఎవరూ పెద్దగా అడ్డుచెప్పరు. పైగా "జాగ్రత్తగా వెళ్ళిరా" అని సంచీ అందిస్తారు కూడా. ఆ జాబితాలో చోటు దొరకని మాట ఒక్కటే. "ఊరికే". "ఎందుకు వెళుతున్నావు?" అంటే "ఊరికే, చూసొద్దామని" అని జవాబు చెప్పగల ఆడవాళ్ళు మనలో ఎంతమంది?

అదే మాట మగవాళ్ళు అంటే మాత్రం వింతగా ఉండదు. మా వీధి కుర్రాళ్ళు నలుగురు ఒక శనివారం మోటారు సైకిళ్ళెక్కి మారేడుమిల్లి వెళ్ళారు. సోమవారం తెల్లారేసరికి దుమ్ము కొట్టుకుని దిగారు. ఏ తల్లీ "ఎందుకెళ్ళావురా?" అనలేదు. "ఏమైనా తిన్నావా?" అంది. ఆ తల్లులు మంచివాళ్ళే. కాకపోతే ఆ రెండో ప్రశ్న కూతురికి కూడా ముందు రావాలి కదా అని నా బాధ.

ఇప్పుడీ సంగతి ఎత్తడానికి కారణం ఉంది. మొన్న ఫిబ్రవరిలో మా ఆడపడుచు కూతురుండే హాస్టల్ వాళ్ళతో కలిసి నేను శ్రీశైలం వెళ్ళొచ్చాను. హాస్టల్ అంటే కాలేజీ హాస్టల్ కాదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్ళు ఉండే ప్రైవేటు హాస్టల్. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు వెళితే ఇలాంటివి అడుగడుగునా కనిపిస్తాయి. గదికి ముగ్గురు, మనిషికో ఇనప మంచం, బీరువాలో ఒక అర. వాళ్ళలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఉంది. ఆస్పత్రి నర్సు ఉంది. బడిపంతులమ్మలు ఇద్దరు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు రాసే ఆవిడ, గ్రూప్స్‌కి చదివే పిల్లలు, బట్టల షాపులో నిలబడి చీరలు చూపించే అమ్మాయి. ఇరవై రెండేళ్ళ పిల్ల దగ్గర్నుంచి నలభై ఆరేళ్ళ ఆవిడ దాకా మొత్తం పద్నాలుగుమంది. ఏళ్ళ తరబడి ఒకే కంచాల వరసలో కూర్చుని తిన్నవాళ్ళు, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు గంజి కాచి ఇచ్చినవాళ్ళు. అయినా ఆ హాస్టల్ వీధి దాటి కలిసి ఎక్కడికీ వెళ్ళినవాళ్ళు కారు. నెలనెలా తలా రెండొందలు చీటీలా వేసుకుని ఒక మినీ బస్సు మాట్లాడుకున్నారు. సీటు ఒకటి మిగిలితే "అత్తయ్యా, నువ్వూ రా" అంది మా పిల్ల. వెళ్ళాను.

మల్లన్న సాక్షిగా

బండి నరసరావుపేట దాటేసరికి తెల్లారింది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల అప్పటికే తలకి గుడ్డలు చుట్టుకున్న ఆడకూలీలు వరసల్లోకి దిగి కాయలు కోస్తున్నారు. ఇంకా వెనక నుంచి ఆటోల్లో కిక్కిరిసి వస్తున్నారు. పత్తి తీతకీ మిరప కోతకీ కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే మన ప్రాంతానికి వలస వస్తాయి. ఆ ఆడవాళ్ళని "ఇంత దూరం ఒంటరిగా ఎందుకొచ్చారు?" అని ఎవరూ అడగరు. నెత్తిన బస్తా ఉంటే ఆడది ఎంత దూరమైనా పోవచ్చు. చేతులూపుకుంటూ పోతేనే ఊరికి అనుమానం.

అప్పుడు కబుర్లలో పడి ఒక్కొక్కరూ ఇంట్లో ఏం చెప్పి వచ్చారో బయటపెట్టారు. పద్నాలుగుమందిలో పదకొండుమంది "మొక్కు ఉంది" అని చెప్పారట. ఒకావిడ తమ్ముడి ఉద్యోగం కోసం మొక్కానంది. ఒకమ్మాయి తన పెళ్ళి కుదరాలని మొక్కానంది. ఆ మాట విని వాళ్ళమ్మ సంతోషంతో వెయ్యి రూపాయలు పంపించింది! ఇద్దరు అసలేమీ చెప్పలేదు. ఒక్క నర్సమ్మాయి మాత్రం "కొండలు చూడ్డానికి వెళుతున్నా" అని ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళ నాన్నగారు అరనిమిషం ఆలోచించి "పోన్లే, పనిలో పని దేవుడి దర్శనం కూడా చేసుకో" అన్నారట. బస్సంతా నవ్వులు.

నవ్వుకున్నాంగానీ, ఆలోచిస్తే నవ్వొచ్చే విషయం కాదిది. నెలకి ఇరవై వేలు, ముప్ఫై వేలు సంపాదించుకుంటూ, ఇంటికి డబ్బు పంపిస్తూ, ఓటు వేస్తూ, పన్ను కడుతూ ఉన్న మనిషి రెండు రోజులు కొండల్లో గాలి పీల్చుకోవడానికి దేవుణ్ణి పూచీ పెట్టాల్సి వస్తోంది. నాకు భక్తి లేక కాదు ఈ మాట. మల్లికార్జునుడి ముందు నిలబడితే నా కళ్ళూ చెమర్చాయి. భక్తితో వెళ్ళడం వేరు, భక్తిని అనుమతి చీటీగా వాడుకోవడం వేరు. రెండోదాంట్లో దేవుడికీ గౌరవం లేదు, మనకీ లేదు.

కిటికీ పక్క సీటు

శ్రీశైలానికి తూర్పు ద్వారమని చెప్పే త్రిపురాంతకం దాటి దోర్నాల చేరాం. అక్కడ అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బళ్ళు వదలరు. అది పులుల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983 నుంచి పులుల సంరక్షణ పథకం కింద ఉంది. దేశంలో అంత విస్తీర్ణమున్న పులుల అభయారణ్యం ఇంకోటి లేదు. అక్కడి నుంచి శ్రీశైలం దాకా దాదాపు యాభై కిలోమీటర్లు అడవి మధ్యలోనే ప్రయాణం.

ఆ దారి గురించి ఏం చెప్పను! మనం మైదానం వాళ్ళం. ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, పొగాకు, మిరప. కళ్ళకి అడ్డం తగిలేది ఏదైనా ఉందంటే అది కోల్డ్ స్టోరేజీ గోడే. అలాంటి కళ్ళకి నల్లమల ఒక్కసారిగా ఎదురైతే మాట రాదు. వేసవి ముందు రోజులు కాబట్టి టేకు ఆకులు రాలి కొండలు బోడిగా ఉన్నాయి. ఆ బోడితనం మధ్యలో అక్కడక్కడ మోదుగ చెట్లు నిప్పంటుకున్నట్టు పూసి ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా లోయ ఒకసారి కుడి పక్కకీ ఒకసారి ఎడమ పక్కకీ వస్తోంది. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. పిట్టగోడల మీద కోతులు పిల్లల్ని పొట్టకి కరిపించుకుని కూర్చున్నాయి. అప్పటిదాకా పాటలు పాడుతున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. బట్టల షాపు అమ్మాయికి వాంతి వచ్చేలా ఉంటే నర్సమ్మాయి నిమ్మకాయ వాసన చూపించి, ఆ పిల్ల తల తన భుజం మీద ఆనించుకుంది.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ వాక్యం చిన్నదేగానీ మీలో చాలామందికి దీని విలువ తెలుస్తుంది. కుటుంబంతో వెళ్ళినప్పుడు కిటికీ పక్క సీటు పిల్లలది. ముందు సీటు ఇంటాయనది. మధ్యలో ఒళ్ళో పులిహోర డబ్బా, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ సీసాలు, చేతిలో వాంతి కవరు పెట్టుకుని కూర్చునేది ఆ ఇంటి ఇల్లాలు. తిరుమల ఘాట్‌రోడ్డు నేను ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో ఎక్కి ఉంటాను. ఆ కొండలు ఎలా ఉంటాయో అడిగితే సరిగా చెప్పలేను. మా అబ్బాయి ఏ మలుపులో వాంతి చేసుకుంటాడో మాత్రం చెప్పగలను. "ఇంట్లోవాళ్ళతో వెళితే సరిపోతుంది కదా, ఆడవాళ్ళే విడిగా పోవడమెందుకు?" అనే పెద్దలకి నా జవాబు ఇదే. కుటుంబంతో వెళ్ళినప్పుడు మనం ఇల్లు దాటుతాంగానీ ఇంటిపని దాటం. వంటగది చక్రాలు కట్టుకుని మన వెంటే వస్తుంది. స్నేహితురాళ్ళతో వెళ్ళినప్పుడు ఒకరికొకరం సాయం చేసుకుంటాం. ఎవరూ ఎవరికీ సేవ చెయ్యం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

శిఖరేశ్వరం దగ్గర దిగాం. నంది ముందు నువ్వులు వేసి, కొమ్ముల మధ్య నుంచి దూరంగా ఉన్న గుడి శిఖరం చూడాలి. అలా చూసినవాళ్ళకి మరుజన్మ ఉండదంటారు. నర్సమ్మాయి ఎంత ప్రయత్నించినా శిఖరం కనిపించలేదట. "పోన్లే అక్కా, మరుజన్మ సంగతి తర్వాత. ఈ జన్మలో ఇంకోసారి వస్తే అదే చాలు" అని దిగివచ్చింది.

ఆ తల్లులకి ఎవరు తోడొచ్చారు?

దారి పొడుగునా మాకు ఎదురైన ప్రశ్న ఒకటే. టీ హోటలు దగ్గర, సత్రంలో గదులిచ్చే చోట, పూజ సామాను కొట్టు దగ్గర అందరూ అడిగారు. "మగవాళ్ళెవరూ రాలేదామ్మా?" మా డ్రైవరు కూడా బండెక్కగానే అదే అడిగాడు. "మీరున్నారుగా అన్నా, బండి తోలడానికి" అంది బ్యాంకు అమ్మాయి. ఆయన నవ్వేసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పద్నాలుగుమందిమి కాదు, పదిహేనుమంది మనుషులం. అయినా చూసేవాళ్ళ లెక్కలో మేం "ఎవరూ లేకుండా" వచ్చినవాళ్ళమే!

ఆ ప్రశ్న శ్రీశైలంలో వినబడటం నాకు మరీ విచిత్రంగా అనిపించింది. ఎందుకంటే ఆ కొండకి నడిచి వచ్చిన అక్కమహాదేవి కథ తెలియని వాళ్ళు అక్కడ ఉండరు. పన్నెండో శతాబ్దంలో కన్నడదేశంలో పుట్టిన స్త్రీ. సంసారాన్నీ రాజవైభవాన్నీ వదులుకుని, కల్యాణ నగరంలో బసవన్న, అల్లమ ప్రభువుల గోష్ఠిలో నిలబడి, అక్కడి నుంచి ఈ అడవిలోకి వచ్చింది. రోడ్డు లేదు, చెక్‌పోస్టు లేదు. పులులు మాత్రం ఇప్పటికంటే ఎక్కువే ఉండి ఉంటాయి. కృష్ణ ఒడ్డున ఆమె పేరుతో గుహలున్నాయి. పడవల్లో వెళ్ళి చూసి దణ్ణం పెట్టుకుంటాం. ఆవిడకి మగతోడు ఎవరని మాత్రం అడగం.

అంత దూరమెందుకు? మన నరసరావుపేట పక్కనే ఉన్న కోటప్పకొండ సంగతి చూడండి. శివరాత్రికి ప్రభలు కట్టుకుని లక్షలమంది వెళతాం. ఆ క్షేత్ర కథలో ఉన్నది ఎవరు? గొల్లపిల్ల ఆనందవల్లి. రోజూ ఒంటరిగా కొండెక్కి స్వామిని సేవించుకునేది. నెలలు నిండి ఎక్కలేని పరిస్థితి వచ్చినప్పుడు "స్వామీ, ఇక నేను రాలేను, నువ్వే కిందికి రా" అంది. "నీ వెనకే వస్తాను, తిరిగి చూడకు" అన్నాడు స్వామి. ఆవిడ తిరిగి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. మన ఊళ్ళో ముసలమ్మలు ఈ కథ చెప్పి "చూశావా, ఆడదానికి తొందరెక్కువ" అని ముగిస్తారు. నాకు ఆ కథలో వేరే సంగతి కనిపిస్తుంది. ఒక ఆడపిల్ల రోజూ ఒంటరిగా కొండెక్కితే ఆ కాలంలో ఊరు ఆమెని తప్పుపట్టలేదు, గుడి కట్టింది. ఇప్పుడు ఆ కొండ మీదికి ఘాట్‌రోడ్డు ఉంది, బస్సులున్నాయి. ఇద్దరు అమ్మాయిలు సాయంత్రం సరదాగా వెళ్ళొద్దామంటే మాత్రం వంద ప్రశ్నలు.

కథల సంగతి పక్కన పెట్టినా, మన కళ్ళముందు నడిచినవాళ్ళు తక్కువేమీ కాదు. మన గుంటూరులోనే 1930లో పుట్టిన నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరం వెళ్ళొచ్చి "కాశ్మీర దీపకళిక" రాశారు. తెలుగులో యాత్రా రచన అనగానే ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటాం. "భూమిక" పత్రిక సంపాదకురాలు కొండవీటి సత్యవతి గారు రచయిత్రుల్ని కూడగట్టి అడవులకీ కొండలకీ తీసుకెళ్ళారు. ఇక హాస్టల్ పిల్లల మాటకొస్తే, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట్లో పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ తల్లిదండ్రులు "ఆడపిల్ల, కొండలెందుకు" అని ఆపి ఉంటే ఏమయ్యేది? ఇంకో పూర్ణ వచ్చేదా?

ఒక మంచం ఖాళీ అయింది

ఇంతవరకూ చెప్పినవన్నీ సంతోషమైన మాటలే. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

మాతో వచ్చిన పిల్లల్లో స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకతి ఉంది. ఇరవై నాలుగేళ్ళు. పల్లెటూరి నుంచి వచ్చింది. డిగ్రీ మంచి మార్కులతో పాసైంది. ఇంట్లో చెప్పకుండా వచ్చిన ఇద్దరిలో తనొకతి. పాతాళగంగ మెట్ల దగ్గర అందరం కలిసి ఫోటో దిగాం. అది ఎవరి ఫోన్లోనో స్టేటస్ పెట్టారు. ఎవరి చుట్టానికో కనిపించింది. ఆ చుట్టం ఈ అమ్మాయి మేనమామకి పంపించాడు. అప్పటికి ఒక సంబంధం మాటల్లో ఉంది. "పిల్ల బాగా తిరుగుతుందంటగా" అని అవతలివాళ్ళు అన్నారట. అంతే. వారం తిరక్కుండా తండ్రి వచ్చి హాస్టల్ ఖాళీ చేయించి, ఉద్యోగానికి రాజీనామా ఇప్పించి తీసుకెళ్ళిపోయాడు.

ఆ పిల్ల చేసిన నేరమేమిటి? ఒక నంది కొమ్ముల మధ్య నుంచి చూసింది. పద్నాలుగుమంది ఆడవాళ్ళ మధ్య సత్రంలో పడుకుంది. ప్రసాదం లడ్డూలు నాలుగు ఇంటికి తీసుకెళ్ళింది.

ఆ తండ్రిని దుర్మార్గుడని నేననను. కౌలు భూమిలో మిరప వేసి, అప్పు చేసి కూతుర్ని చదివించిన మనిషి. ఆయన భయపడింది కూతురికి కాదు, ఊరికి. తల్లితో ఫోన్లో మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి గొంతు తగ్గించి, "ఫోటోలు నాకూ చూపించిందమ్మా. ఆయన పొలం వెళ్ళాక ఇంకోసారి తీయించుకుని చూశాను. ఆ కొండల మధ్య కనిపించేది కృష్ణేనా?" అని అడిగింది. అవునన్నాను. "మా పెళ్ళయిన కొత్తల్లో తీసుకెళతానన్నారు" అంది. అంతకంటే మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట వాయిదా పడిన ప్రయాణం అది. తల్లికి వాయిదా వేశాం, కూతురికి శిక్ష వేశాం.

మనకొక సామెత ఉంది. "తిరక్క మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది" అని. ఇంకోటీ ఉంది. అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని. తరతరాలుగా అరిటాకుకి బుద్ధులు చెబుతూనే ఉన్నాం. ముల్లు ఏరే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు.

భయం అబద్ధం కాదు

అలాగని పెద్దవాళ్ళ భయాన్నంతా కొట్టిపారెయ్యను. కొండదారిలో ప్రమాదం ఉంది. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జి ఆనకట్ట నుంచి నీళ్ళు వదలడమే కారణం. ఆ పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. బస్సులో పట్టే జనం కంటే చాలా ఎక్కువమంది ఎక్కారు. 2021 ఫిబ్రవరిలో అరకు నుంచి దిగుతున్న పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడింది.

ఇవి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ ప్రమాదాల్లో ఏదైనా ఆడవాళ్ళు మగతోడు లేకుండా వెళ్ళినందుకు జరిగిందా? నీళ్ళు వదిలేముందు కింద ఉన్నవాళ్ళని సరిగా హెచ్చరించకపోతే ప్రమాదం. బస్సులో కిక్కిరిసి ఎక్కిస్తే ప్రమాదం. మలుపులు తెలియని డ్రైవరు చేతిలో బండి పెడితే ప్రమాదం. వీటికి మందు సైరన్లు, బ్రేకులు, పిట్టగోడలు, అనుభవమున్న డ్రైవర్లు. ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం వీటిలో దేనికీ మందు కాదు.

నిజమైన ఇబ్బంది ఏమిటో నేను చెబుతాను. వినుకొండ దాటినప్పటి నుంచి బస్సులో ఎవరూ మంచినీళ్ళు తాగలేదు. ఎందుకో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి అడిగితే "తాళం చెవి ఓనరు దగ్గరుంది" అన్నాడు అక్కడి కుర్రాడు. బంకుల్లో మరుగుదొడ్డి ఉంచడం వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. చివరికి ఒక టీ హోటలు యజమాని భార్య తన ఇంట్లోకి తీసుకెళ్ళింది. ఆ తల్లికి దణ్ణం పెట్టాలి. ఇలా గంటల తరబడి నీళ్ళు మానేసి బిగబట్టుకోవడం వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్లు వచ్చి ఎంతమంది తన వార్డులో చేరుతుంటారో నర్సమ్మాయి చెప్పింది. పులి భయం కంటే, దొంగ భయం కంటే మా ప్రయాణంలో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఆ తాళం.

ఇప్పుడేం చేద్దాం?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో "స్త్రీ శక్తి" పథకం వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. పథకం వచ్చిన దగ్గర్నుంచి ఎగతాళి మాటలు వింటూనే ఉన్నాం. "పనీపాటా లేని ఆడవాళ్ళంతా బస్సులెక్కి ఊరికే తిరుగుతున్నారు" అని. ఆడవాళ్ళు కూడా కొందరు "మేం అలా కాదమ్మా, పనుంటేనే ఎక్కుతాం" అని సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. నాకు ఆ సంజాయిషీ నచ్చలేదు. ఊరికే తిరిగితే ఏం? మన భాషలో "ఊరికే" అంటే డబ్బు లేకుండా అనీ అర్థం, కారణం లేకుండా అనీ అర్థం. ప్రభుత్వం మొదటి అర్థం ఇచ్చింది. రెండో అర్థం ఇంటివాళ్ళూ, సమాజమూ ఇవ్వాలి.

ఘాట్‌రోడ్లకి రెండు చివర్లలో ఉన్న చెక్‌పోస్టుల దగ్గర, మధ్యలో బళ్ళు ఆగే చోట్ల నీళ్ళ వసతితో మరుగుదొడ్లు ఉండాలి. వాటికి తాళం ఉండకూడదు, లోపల గడియ ఉండాలి. పర్యాటక శాఖ ఏటా కొత్త అతిథి గృహాలు కట్టడం కంటే ముందు ఈ పని చేస్తే ఆడ యాత్రికులు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారు.

హాస్టళ్ళ యజమానులకి ఒక మనవి. పద్దెనిమిదేళ్ళు దాటి ఉద్యోగం చేస్తున్న మనిషి ఊరెళ్ళాలంటే తండ్రి సంతకం తెమ్మనడం ఏ న్యాయం? 2022లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బయటికి వెళ్ళకూడదన్న హాస్టల్ నిబంధన మీద కేరళ హైకోర్టుకి వెళ్ళారు. ఆడపిల్లల్నే ఎందుకు బంధిస్తారని న్యాయస్థానం గట్టిగా ప్రశ్నించింది. అంతకుముందు 2015లో ఢిల్లీలో విద్యార్థినులు "పింజ్రా తోడ్", అంటే పంజరం పగలగొట్టండి అంటూ ఉద్యమం చేశారు. మన హాస్టళ్ళు అంత దూరం రానివ్వకుండా ముందే మారొచ్చు. సంతకం బదులు ఎక్కడికి వెళుతున్నారు, ఎవరితో వెళుతున్నారు, ఎప్పుడొస్తారు, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి అని ఒక పుస్తకంలో రాయించుకుంటే చాలు. అది భద్రత. సంతకం మాత్రం కాపలా.

వెళ్ళే అమ్మాయిలకి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ఘాట్‌రోడ్డు తెలిసిన డ్రైవరుని చూసుకోండి. చీకటి పడ్డాక కొండ దిగొద్దు. సీట్లకి మించి ఎక్కవద్దు. నదిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయని రాళ్ళ మీదికి వెళ్ళొద్దు. అడవిలో ప్లాస్టిక్ పారెయ్యొద్దు, కోతులకి బిస్కట్లు పెట్టొద్దు. అది చెంచుల ఇల్లు, జంతువుల ఇల్లు. మనం చుట్టాలం. వీలైతే ఇంట్లో నిజమే చెప్పండి. అబద్ధం చెప్పి వెళ్ళిన పిల్ల కంటే నిజం చెప్పి వెళ్ళిన పిల్లకి కాపు ఎక్కువ. కానీ ఆ నిజాన్ని వినగలిగే ఇల్లు ఉండటం పిల్లల చేతిలో లేదు, పెద్దల చేతిలో ఉంది.

చివరిగా తల్లులకీ అత్తలకీ. మనలో చాలామందికి బంగారం చీటీ ఉంది, చీరల చీటీ ఉంది. ఒక ప్రయాణం చీటీ పెట్టుకుందాం. వీధిలో పదిమంది, డ్వాక్రా సంఘంలో పదిమంది నెలకి వందో రెండొందలో వేసుకుంటే ఏడాదికి ఒకసారి ఏ కోటప్పకొండకో, కొండవీడు కోటకో, నల్లమలకో వెళ్ళి రావచ్చు. కూతుళ్ళు కోడళ్ళు కూడా వెంట వస్తే ఇంకా మంచిది. ఊళ్ళో పెద్దావిడలే గుంపుగా వెళ్ళివచ్చారనుకోండి, రేపు ఎవరి కూతురి ఫోటో కనిపించినా "తిరుగుతోంది" అనే నోళ్ళు కాస్త తగ్గుతాయి. ఆ పల్లెటూరి తల్లి లాంటివాళ్ళు ఎంతమందో భర్త పొలం వెళ్ళాక ఫోటోల్లో కృష్ణని చూసుకుంటున్నారు. వాళ్ళకి ఒక సీటు ఉంచుదాం. అది కిటికీ పక్క సీటే అయి ఉండాలి.

బయల్దేరేటప్పుడు ఎవరైనా "ఎందుకు?" అని అడుగుతారు, తప్పదు. అప్పుడు మొక్కు పేరు చెప్పకుండా, పరామర్శ పేరు చెప్పకుండా, నెమ్మదిగా, నవ్వుతూ ఉన్నమాటే చెబుదాం. "ఊరికే."